సారమ్మ టైపు కొట్టనన్న పేరు

సారమ్మ ముప్పై అయిదేళ్ళు యూనివర్సిటీలో టైపిస్టుగా పనిచేసింది. ఆ సర్వీసూ, రిటైరయ్యాక గడిచిన ఈ తొమ్మిదేళ్ళూ కలిపి చూసినా టైపు కొట్టనని ఆవిడ మొండికేసింది మూడు సందర్భాల్లోనే. మూడుసార్లూ అవతలివాళ్ళు ముందు నమ్మలేదు. పొట్టి మనిషి, మెల్లగా మాట్లాడుతుంది, నూనె పెట్టి బిగించి అల్లిన జడ, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచీ. అలాంటి మనిషి కొట్టనంటే నిజంగానే కొట్టదని ఎవరనుకుంటారు?

మొదటిసారి ఒక అధికారి. కూతురి పెళ్ళికి పిలవాల్సిన ఆరువందల మంది చిరునామాలు ఆఫీసు టైములో కొట్టిపెట్టమన్నాడు. "ఇది నా పని కాదండి" అని ఆ కాగితాలు ఆయన బల్ల మీదే పెట్టి వచ్చేసింది. మూడు నెలలు కిటికీ లేని గదిలో కూర్చోబెట్టారు. కూర్చుంది.

రెండోసారి వాళ్ళ చర్చి పెద్దలు. కాయిర్‌లో ఆడవాళ్ళు మగవాళ్ళ వెనక వరసలో నిలబడాలని ఒక తీర్మానం రాసుకుని, టైపు చేయించమని ఆవిడ భర్త ఆనందరావు చేతికిచ్చారు. ఆనందరావు ఆ చర్చిలోనే గుమాస్తా. భయపడుతూ ఇంటికి తెచ్చి మిషను పక్కన పెట్టాడు. సారమ్మ చదివి, నాలుగు మడతలు పెట్టి, ఆయన చొక్కా జేబులోనే మళ్ళీ తోసింది. తీర్మానం చేతిరాతలోనే ఉండిపోయింది. చేతిరాత తీర్మానాన్ని ఎవరు లెక్కచేస్తారు? సారమ్మ ముందు వరసలోనే నిలబడి కింది స్థాయి గొంతులో పాడింది. ఆనందరావు పోయి ఆరేళ్ళయినా ఇప్పటికీ అక్కడే నిలబడి పాడుతోంది.

ఇక మూడోసారి. అది ఒక పాట గురించి.

తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్ లోపలికి నడిస్తే స్టాఫ్ క్వార్టర్ల మధ్య ఒక పాత రీడింగ్ రూము ఉంది. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి అక్కడ పాతపాటల సమాజం కూడుతుంది. కాచిగూడ నుంచి, మౌలాలి నుంచి కూడా వస్తారు. ఇరవై పాతికమంది, సగం మందికి మోకాళ్ళ నొప్పులు, అందరికీ అభిప్రాయాలు. ఘంటసాల గొంతులో గాంభీర్యం ఎక్కువా, రఫీ గొంతులో మెత్తదనం ఎక్కువా అని మొదలుపెడితే ఫ్లాస్కులో టీ చల్లారిపోతుంది. లీల పక్షం వాళ్ళు సుశీల పక్షం వాళ్ళతో ఒక సంవత్సరం మాట్లాడలేదు. ఒకాయన జిక్కిని ఎవరూ పట్టించుకోవట్లేదని అలిగి, కుర్చీ తీసుకెళ్ళి వరండాలో వేసుకుని మూడు సభలు అక్కడినుంచే విన్నాడు.

ఇంత పాటల పిచ్చి ఉన్న ఆ సమాజంలో ఒక వింత నిబంధన ఉంది. మూడోది. సభలో ఎవరూ పాడరాదు. కూనిరాగం కూడా తీయరాదు. మొదటి ఏడాదిలో ఒక రిటైర్డ్ ఇంజనీరు తనకిష్టమైన పాట వినిపిస్తానని లేచి నలభై నిమిషాలు పాడాడట. ఆయన్ని చూసి మిగతావాళ్ళకీ గొంతులు లేచాయి. అప్పట్నించీ రికార్డు వినాలి, మాట్లాడుకోవాలి, అంతే. నోరు జారి ఎవరైనా రాగం తీస్తే, చౌరస్తాకి నడిచి వెళ్ళి అందరికీ మిర్చిబజ్జీలు తేవాలి. ఈ నిబంధనలన్నీ పన్నెండేళ్ళ క్రితం టైపు కొట్టింది సారమ్మే. ఏటా సమాజం వేసే చిన్న పుస్తకాన్ని కంప్యూటరు మీద కొట్టి ఇచ్చేదీ సారమ్మే. ఉత్తపుణ్యానికి.

సమాజానికి అధ్యక్షుడు రంగనాథ్. ప్రొద్దుటూరు మనిషి, ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులోనూ ఇస్త్రీ నలగని చొక్కా వేస్తాడు. ఆయన దగ్గర ఒక క్యాసెట్ ఉంది. అది ఆయన ప్రాణం. ఆగిపోయి విడుదల కాని ఒక పాత సినిమాలోని పడవ పాట అందులో ఉంది. రేవులో ఒంటరిగా నిలబడిన పిల్ల పాడే పాట. ఎనభై నాలుగులో ప్రొద్దుటూరులో మేనమామ ఇంట్లో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను మీద ఆ రికార్డు పెట్టి, టేపులోకి ఎక్కించుకున్నాడు. తర్వాత ఆ రికార్డు పగిలిపోయింది. రికార్డు మీద పేర్లు అరిగిపోయి ఉన్నాయి గానీ, గొంతు విన్నవాడెవడైనా చెప్పగలడు, అది ఏలూరు బాలలక్ష్మి గొంతు. ఆ రోజుల్లో పదహారేళ్ళ పిల్లలా సన్నగా, తీయగా పాడే పెద్ద పేరున్న గాయని. బాలలక్ష్మి పాటల జాబితాలో ఎవరికీ తెలియని పాటని పట్టుకున్నది రంగనాథ్. ఏటా ఒకసారి ఆ క్యాసెట్ వినిపిస్తాడు, ఏటా చప్పట్లు కొడతారు.

ఈ ఏడు బాలలక్ష్మి శతజయంతి. పుస్తకంలో ఎక్కువ భాగం ఆవిడ మీదే, చివర మాత్రం ఎప్పట్లాగే సమాజం విన్న పాటల జాబితా, ఒక్కో పాట కింద గాయని పేరు. రంగనాథ్ ఎనిమిది పేజీల వ్యాసం రాసి సారమ్మకి పంపించాడు.

చదివేవాళ్ళు వాక్యాలు దాటేస్తారు. టైపు కొట్టేవాళ్ళకి ఆ సుఖం లేదు, ప్రతి మాటా వేళ్ళ మీదుగా పోవాల్సిందే. మూడో పేజీలో రంగనాథ్ ఆనాటి సాహసం వర్ణించాడు. పాట ఎక్కిద్దామని కూర్చునేసరికి కరెంటు పోయిందట. టేపురికార్డరుకి కొత్త సెల్సు బజారులో దొరకలేదట. వదలకుండా టార్చిలైట్లోంచి పాత సెల్సు తీసి వేసి పాట పట్టేశాడట. కరెంటు పోయిన కథ సారమ్మ చాలాసార్లు విన్నది. టార్చిలైటు సెల్సు మాత్రం ఇదే మొదటిసారి. "పాత సెల్సు" అన్నచోట ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి.

ఎందుకంటే, ఎనభైల్లో ఆనందరావు ఒకసారి క్రిస్మస్ కాయిర్‌ని నీరసించిన సెల్సుతో రికార్డు చేశాడు. సెల్సు నీరసిస్తే టేపు మెల్లగా తిరుగుతుంది. ఆ టేపుని తర్వాత మంచి కరెంటు మీద వేస్తే అది పరుగెడుతుంది, గొంతులన్నీ పైకి లేస్తాయి. తాటిచెట్టంత పాస్టరుగారు ఎలకపిల్లలా పాడుతుంటే ఇల్లంతా పడీపడీ నవ్వారు.

సారమ్మ కుర్చీలోంచి లేచింది. మంచినీళ్ళు తాగింది. మళ్ళీ కూర్చుంది. కూర్చోలేకపోయింది.

ఆవిడ చదివింది నరసాపురం దగ్గర ఒక బాలికల బోర్డింగు స్కూల్లో. అక్కడ పాటలు నేర్పేది ఎవాంజెలిన్ టీచరు. గొంతు బరువైనది, కంచు గిన్నె మీద తట్టినట్టుండేది. ఆవిడ పెళ్ళికి ముందు మద్రాసులో ఒక సినిమాకి పాడింది, ఒకే ఒక్క పాట. ఆ సినిమా ఆగిపోయింది. ఆ సంగతి ఆవిడ గొప్పకి చెప్పేది కాదు, ఊపిరి గురించి పాఠం చెబుతూ చెప్పేది. "మూడో చరణంలో రెండో పాదం పొడుగమ్మా. అక్కడ నాకు గాలి అందలేదు. మాట మధ్యలో ఊపిరి పీల్చేశాను. మళ్ళీ పాడతానంటే టైము లేదన్నారు. ఆ తప్పు రికార్డులో అలాగే ఉండిపోయింది. మీరలా చెయ్యకండి, పాదం మొదట్లోనే కడుపు నిండా గాలి తీసుకోండి." ఆ పాట రెండు లైన్లు పాడి చూపించేది కూడా.

పిల్లలు నమ్మలేదు. నేత చీర కట్టుకుని, అరిగిన చెప్పులేసుకుని, మెస్సులో తమతో పాటు చారన్నం తినే టీచరు సినిమాలో పాడటమేమిటి? "సినిమా టీచరు" అని పేరు పెట్టారు. అందరికంటే బాగా వెక్కిరించేది సారమ్మ. దువ్వెన మైకులా పట్టుకుని, మంచమెక్కి, "పాడుతున్నది ఎవాంజెలిన్ టీచరు!" అని ప్రకటించి, మాట మధ్యలో గుర్రుమని ఊపిరి పీల్చి చూపిస్తే గదంతా దొర్లిదొర్లి నవ్వేది. ఒకరోజు నవ్వులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. తిరిగి చూస్తే గుమ్మంలో టీచరు. తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోయింది. మర్నాడు ఎప్పట్లాగే వచ్చి, ఎప్పట్లాగే సారమ్మకి ఊపిరి ఎలా పట్టాలో నేర్పింది.

పన్నెండేళ్ళ క్రితం రంగనాథ్ క్యాసెట్ మొదటిసారి వేసినప్పుడు సారమ్మ ఉలిక్కిపడింది. అదే పాట! మూడో చరణం దగ్గర ఆ ఊపిరి కోసం చెవులు రిక్కించింది. గరగర, క్లారినెట్టు, పరుగు. ఏమీ వినపడలేదు. గొంతు చూస్తే బాలలక్ష్మిది. అంటే టీచరు ఎవరి పాటనో తనదని చెప్పుకుందన్నమాట అనుకుని ఊరుకుంది. పన్నెండేళ్ళు ఊరుకుంది. చిన్నప్పుడు నమ్మకపోవడం చిన్నతనం. అరవై ఏళ్ళు దగ్గరపడ్డాక కూడా టీచరుని అబద్ధాలకోరని అనుకోవడాన్ని ఏమనాలి? సారమ్మకి ఒళ్ళు మండిపోయింది, తన మీద తనకే.

ఫోను తీసి రంగనాథ్‌కి చేసింది.

"సార్, పడవ పాట కింద బాలలక్ష్మి గారి పేరు నేను కొట్టనండి."

రంగనాథ్ నవ్వాడు. "ఏమ్మా, కీబోర్డు చెడిపోయిందా?"

"కీబోర్డు బాగానే ఉందండి. ఆ పాట ఆవిడ పాడలేదు. మీరు పాత సెల్సు మీద ఎక్కించారు. టేపు పరుగెడుతోంది. ఆ గొంతు అసలు అంత సన్నం కాదు."

అవతల నవ్వు ఆగింది. "నలభై ఏండ్లుగా వింటాండా నేను ఆ పాట. నా చెవులకు తెలీదా? సారమ్మ గారూ, మీరు టైపు కొట్టేదానికి ఉండారా, తీర్పు చెప్పేదానికా?"

"ఇన్నాళ్ళూ టైపు కొట్టేదానికే ఉన్నానండి. రేపు సభలో తీర్పు కూడా చెప్తాను" అని ఫోను పెట్టేసింది.  

ఆదివారం రీడింగ్ రూము కిటకిటలాడింది. సంగతి అప్పటికే పాకిపోయింది. టేప్ డెక్ తెచ్చేది పరుశురాం, సీతాఫల్‌మండిలో రేడియోలు రిపేరు చేసే మనిషి. రంగనాథ్ లేచి, బాలలక్ష్మి గొంతులోని మాధుర్యం గురించి పది నిమిషాలు మాట్లాడి, సారమ్మ వైపు చూడకుండానే అన్నాడు. "కొందరికి అనుమానాలు ఉండాయంట. అనుమానానికి ఆధారం కావల్ల. ఏదమ్మా మీ ఆధారం?"

సారమ్మ సంచీ కుర్చీలో పెట్టి లేచింది. "పరుశురాం గారూ, పాట వెయ్యండి."

పల్లవి మొదలైంది. మొదటి పాదం పూర్తయ్యేలోపు సారమ్మ కళ్ళు మూసుకుని, పెదవులు కలిపి, ఆ పాట ఆధార శృతిని పట్టుకుంది. ఒకే స్వరం. హమ్మని తంబూరాలా నిలబెట్టింది.

"మూడో నిబంధన!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

సారమ్మ ఆపలేదు. రంగనాథ్ చెయ్యెత్తి ఆపమన్నాడు. ఆపలేదు. టీచరు నేర్పినట్టే, మొదట్లోనే కడుపు నిండా తీసుకుని, అయిపోకముందే ముక్కుతో దొంగతనంగా మళ్ళీ తీసుకుని, స్వరం చెదరకుండా నిలబెట్టింది. మొదటి చరణం దాకా పాట, శృతి పాలూ నీళ్ళలా కలిసి ఉన్నాయి. రెండో చరణంలో ఏదో గీరుకున్నట్టయింది. ముందు వరసలో ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. మూడో చరణానికి వచ్చేసరికి పాట ఒకచోట, సారమ్మ ఇంకోచోట. వినడానికి పళ్ళు పులిసినట్టుంది.

"చూసినారా!" అన్నాడు రంగనాథ్ గెలిచినట్టు. "మీ శృతే దిగిపోయింది. పాడేది బాలలక్ష్మి, మీరు సరి తూగల్లంటే అయితాదా?"

సారమ్మ కళ్ళు తెరవలేదు, స్వరం వదల్లేదు. చేత్తో మాత్రం పరుశురాంకి సైగ చేసింది, వెనక్కి తిప్పమని. టేపు గిర్రున వెనక్కి తిరిగినంతసేపూ ఆ స్వరం గదిలో అలాగే నిలిచి ఉంది. పరుశురాం మళ్ళీ పల్లవి వేశాడు.

అతికినట్టు కలిసిపోయింది. వెంట్రుకవాసి తేడా లేదు.

 సారమ్మ అప్పుడు ఆపి, గట్టిగా ఊపిరి తీసుకుంది. "నేను దిగలేదండి. పాటే ఎక్కింది. ఏ గాయనైనా ఒక శృతిలో మొదలుపెట్టి ఇంకో శృతిలో ముగిస్తుందా? సెల్సు నీరసిస్తున్నకొద్దీ టేపు ఇంకా మెల్లగా తిరిగింది. అందుకే ఇప్పుడు చివర్లో ఇంకా పైకి పోతోంది."

పరుశురాం తల గోక్కున్నాడు. "సార్, మేడం చెప్పింది కరెక్టే. సెల్సు డౌన్ అయితే గిట్లనే అయితది. మోటారు ఎనక స్పీడు స్క్రూ ఉంటది, జర తగ్గించి చూద్దమా?"

రంగనాథ్ కుర్చీలో కూర్చున్నాడు. చూడమన్నట్టు చెయ్యి ఊపాడు. పరుశురాం సన్న స్క్రూడ్రైవరు తీశాడు.

"ఒక్క నిమిషం" అంది సారమ్మ.  ఇప్పటిదాకా చెప్పింది లెక్క. ఇకమీద చెప్పబోయేది ఆ టేపులో ఆవిడెప్పుడూ వినలేదు. తప్పయితే టీచరు రెండోసారి, ఇంతమందిలో, నవ్వులపాలవుతుంది. అయినా చెప్పింది. "ఇది పాడింది మా ఎవాంజెలిన్ టీచరు. నరసాపురం దగ్గర మాకు పాటలు నేర్పేది. మూడో చరణం రెండో పాదంలో, మాట మధ్యలో, ఆవిడ ఊపిరి పీలుస్తుంది. పాడేటప్పుడు గాలి అందలేదని ఆవిడే మాకు చెప్పింది. మేం నవ్వాం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. ఇప్పుడు వినండి."

పరుశురాం స్క్రూ తిప్పాడు. ఆ మూడో చరణానికి సరిపోయేలా, టీచరు పాడి చూపించిన శృతిని సారమ్మ ఇస్తుంటే, కొంచెం కొంచెంగా తగ్గించాడు. సన్నటి పిల్ల గొంతు కిందికి దిగింది, చిక్కబడింది, బరువెక్కింది. రేవులో నిలబడి పాడుతున్నది ఇప్పుడు పదహారేళ్ళ పిల్ల కాదు, ఎదురుచూసి విసిగిన మనిషి. సారమ్మ ఎరిగిన గొంతు. కంచు గిన్నె.

మూడో చరణం. మొదటి పాదం. రెండో పాదం సాగింది, సాగింది, మాట సగంలో విరిగింది. చిన్న ఊపిరి. క్లారినెట్టు కింద, గరగర కింద, అయినా స్పష్టంగా, ఆత్రంగా పీల్చిన ఊపిరి. తర్వాత మిగతా సగం.

సారమ్మ కూర్చుండిపోయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎవరు చూస్తే ఏమి?

"మళ్ళీ వెయ్యి" అన్నాడు రంగనాథ్. వేశారు. "ఇంకోసారి." వేశారు. నలభై ఏళ్ళలో కొన్ని వందలసార్లు విన్న ఆ చోట, ఆ పెద్దమనిషి మొదటిసారి తల వంచుకుని విన్నాడు. మూడోసారికి తనకి తెలియకుండానే సన్నగా రాగం కలిపాడు.

పాట అయ్యాక తల ఎత్తాడు. "బాలలక్ష్మి కాదు. ఒప్పుకుంటా. కానీ పుస్తకంలో పేరు ఎక్కాలంటే కాగితం ఆధారం ఉండల్ల. 'గాయని తెలియదు' అని కొట్టండి."

"కొట్టనండి."

"సారమ్మ గారూ..."

"బాలలక్ష్మి గారి పేరు పెట్టేటప్పుడు ఏ కాగితం చూశారండి? మీ చెవి చాలింది. మా టీచరు దగ్గరికొచ్చేసరికి కాగితం కావాల్సొచ్చిందా? నేను తెలియదని కొడితే అది అబద్ధం. నాకు తెలుసు."

పరుశురాం డెక్కు మూత బిగిస్తూ అన్నాడు. "ఊపిరి సంగతి మేడం ముందుగాల చెప్పింది, మనం ఎనక విన్నం. గింత తెలిసినంక తెల్వదని ఎట్ల రాస్తరు సార్?"

 జిక్కి కోసం అలిగిన పెద్దాయన లేచి, ఏ సంగతి ఎలా ఉన్నా మూడో నిబంధన మూడో నిబంధనే అన్నాడు. సారమ్మ సంచీ అందుకుంది. "తెస్తానండి. పాడినందుకు బజ్జీలు తేవడం నాకు సంతోషమే." గుమ్మం దాటుతుంటే వెనక చెప్పుల చప్పుడైంది. రంగనాథ్. తనూ రాగం తీశాడు మరి.

ఇద్దరూ చౌరస్తా వైపు నడిచారు. మెట్రో పిల్లర్ల కింద ఆటోలు గోల చేస్తున్నాయి. రంగనాథ్ అన్నాడు. "ఆ కథంతా మీరు రాసివ్వండి. నా వ్యాసం తీసేసి అది వేద్దాం. జాబితాలో అందరి పేర్లకూ ముందర ఇనిషియల్ ఉంది. ఆమె ఇంటిపేరు ఏమి?"

సారమ్మ ఆగిపోయింది. ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. ఆరేళ్ళు ఆవిడ దగ్గర నేర్చుకుంది, ఏనాడూ అడగలేదు. "తెలీదండి. మేం టీచరనే పిలిచేవాళ్ళం."

"ఎవాంజెలిన్ టీచరు అని అచ్చులో వేస్తారామ్మా ఎవురైనా? గాయనుల జాబితాలో టీచరు అని వేసే పద్ధతి యాడా లేదు."

"అయితే ఆ పద్ధతిలో నేను కొట్టనండి."

రంగనాథ్ ఆవిడ ముఖం చూసి, బజ్జీల బండివాడికి పాతిక ప్లేట్లు చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే సారమ్మ కంప్యూటరు ముందు కూర్చుంది. పడవ పాట ఉన్న వరసకి వచ్చి, ఖాళీగా వదిలేసిన చోట, ఒక్కొక్క అక్షరమే "ఎవాంజెలిన్ టీచరు" అని కొట్టింది. కొట్టినది ఎప్పుడూ పైకి చదివి చూసుకోవడం ఆవిడకి అలవాటు. ఆ పేరుని ఒక గాయని పేరుగా అలా ప్రకటించి యాభై ఏళ్ళ పైనే అయింది. అప్పుడు మంచమెక్కి, దువ్వెన పట్టుకుని అనేది. ఇప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడి అంది.